కరెంటు లేని తీగ

తొంభైల మొదట్లో భిలాయిలో ఒక ఆసుపత్రిలో, పెద్దపేగు పరీక్ష చేసే గదిలో నేను నర్సుని. లోపలిది చూపే టీవీ తెర మాకింకా రాలేదు. పేగులోకి పంపిన గొట్టం బయటి చివరి కంటద్దంలోంచి డాక్టరు గారొక్కరే చూసేవారు. పేగు గోడ మీద పులిపిరిలా లేచిన చిన్న కండ, అంటే పాలిప్, కనిపిస్తే సన్నటి పట్టకారుతో పట్టి పైకి లాగి, కాలితో పెడల్ నొక్కి కరెంటు పంపేవారు. కండ తెల్లబడి ఊడి వచ్చేది. అప్పటికప్పుడు రక్తం కారేది కాదు కాబట్టి అదే మంచి పద్ధతి అనుకునేవాళ్లం.

నాన్న ఉక్కు ఫ్యాక్టరీ రోలింగ్ మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలోనే వచ్చేసిన మనిషి. మాట తక్కువ. విరేచనంలో రక్తపు చార కనబడుతోందని నాకు తెలియడానికి మూడు నెలలు పట్టింది. అదీ అమ్మ చెబితేనే. దగ్గరుండి పరీక్ష చేయించాను. చిన్న పాలిప్ ఒకటుంటే తీశారు. డాక్టరు గారు చెప్పగానే పిడి నొక్కి పట్టకారు మూసింది నేనే.

ఎనిమిదో రోజున నాన్న బాత్రూములో కూలబడిపోయారు. నేలంతా రక్తం. కాలిన చోట కట్టిన పక్కు ఊడిపోయిందన్నారు. రెండు సీసాల రక్తం ఎక్కించారు. పైగా పరీక్షకు పంపిన ముక్క బాగా మాడిపోయిందని, అదేమిటో చెప్పలేమని ల్యాబు వాళ్లు రాసిచ్చారు. నేను మంచం పక్కన ఏడుస్తుంటే, “నువ్వేటి చేస్తావమ్మా” అని అటు తిరిగి పడుకున్నారు.

రెండేళ్ల తర్వాత డాక్టరు గారు ట్రైనింగుకు వెళ్లి, కరెంటు అక్కర్లేని పద్ధతి నేర్చుకుని వచ్చారు. సన్నటి తీగ ఉచ్చును పాలిప్ చుట్టూ వేసి, పక్కన కాస్త మంచి పొరతో సహా బిగించి కోసేయడమే. ఉత్త పట్టకారుతో గిల్లితే అడుగున కొంత మిగిలిపోతుందని, చిన్నవాటికి ఈ తీగే మేలని ఆయన అనేవారు. కోసిన వెంటనే రక్తం చెమర్చి, దానంతటదే ఆగిపోయేది. రిపోర్టుకు వచ్చినవాళ్లందరినీ ఇంటికెళ్లాక రక్తం పోయిందా అని నేనే అడిగేదాన్ని. తీగతో కోయించుకున్నవాళ్లు లేదనేవారు. నాకు ధైర్యం వచ్చింది.

మొదటి ముక్క ఏమిటో తేలలేదు కాబట్టి నాన్నను మళ్లీ రమ్మన్నాను.

“కరెంటెడతారేటి?”

“లేదు నాన్నా. తీగతో కోసేస్తారంతే.”

“రగతం రాదేటి?”

“కొంచెం వస్తాది. అక్కడికక్కడే ఆగిపోద్ది. ఉచ్చు బిగించేది నేనే.”

“అయితే వస్తాన్లే” అన్నారు.

ఈసారి రెండు కనబడ్డాయి. తీగ పిడి నా చేతిలో ఉంది. లోపల ఏముందో నాకు కనబడదు. “ధీరే, సిస్టర్, ధీరే” అంటున్నారు డాక్టరు గారు. మెల్లగా బిగించాను. కాసేపు వేళ్లకు మెత్తగా అడ్డం తగిలింది. తర్వాత ఆ అడ్డం తప్పుకుంది. డాక్టరు గారు కంటద్దం నుంచి తల ఎత్తకుండా నీళ్లు కొట్టి చూశారు. “ఆగిపోయింది” అని ఆయన అన్నాకే ఊపిరి పీల్చుకున్నాను. రెండోదీ అలాగే తీశాం. గొట్టం గుండా పీల్చితే రెండు ముక్కలూ గాజుగుడ్డలో చెక్కు చెదరకుండా దొరికాయి. కేన్సర్ కాదని తర్వాత రిపోర్టు వచ్చింది.

మత్తు దిగాక నాన్నను బయట వేపచెట్టు కింద బెంచీ మీద కూర్చోబెట్టి చాయ్ తెచ్చిచ్చాను. సగం తాగి అడిగారు:

“చూసింది డాక్టరు కదా, నీకు కనబడకుండా ఎలగ కోసేవమ్మా?”

వేళ్లకు ఎలా తెలిసిందో చెప్పాను. శ్రద్ధగా విన్నారు. మిల్లులో ఎర్రగా కాలిన కడ్డీని కోసేటప్పుడు చప్పుడు మారితే తమకు తెలిసిపోయేదని, కొత్తవాళ్లకు అది వినబడడానికే ఏడాది పట్టేదని చెప్పుకొచ్చారు. అంతకుముందు ఎన్నడూ ఆయన తన పని గురించి మాట్లాడగా వినలేదు. అరగంట సేపు ఇద్దరం పనివాళ్లలా మాట్లాడుకున్నాం. ఇంతలో అన్నయ్య స్కూటర్ తెచ్చాడు. నాన్న లేచి వెళ్లిపోయారు.

మళ్లీ అంతసేపు ఎప్పుడూ మాట్లాడలేదు. నా డ్యూటీలు, ఆయన మౌనం. నాలుగేళ్లకు గుండెపోటుతో పోయారు. పేగు మాత్రం ఆయన్ని మళ్లీ బాధపెట్టలేదు. మిల్లులో మొదటి రోజు భయపడ్డారా అని, పని ఎవరు నేర్పారని, ఆ చప్పుడు ఎలా ఉండేదని ఆయన్ని అడగాలని ఇప్పటికీ ఉంటుంది. అమ్మను అడిగితే, “నాకేటి తెలుస్తాది, ఇంట్లో చెప్పేవోరా ఏటి” అంటుంది.