అడుగుకు దిగని స్ట్రాన్షియం

అశోక్ నగర్‌లో ఒక జిరాక్స్ షాపులో నా నోట్స్ మాస్టర్ కాపీ ఉంటుంది. కోచింగ్ సెంటర్లో కెమిస్ట్రీ చెప్పే నాకు అదంటే కాస్త గర్వం. కాస్తేమిటి, బాగానే. ‘అణు వ్యర్థాలు’ అనగానే షాపతను చూడకుండానే తీసి మిషన్ మీద పెట్టేవాడు. అందులో పదకొండో పేజీలో ఒక వాక్యం: ద్రవరూపంలో ఉన్న అణు వ్యర్థాలకు క్షారం కలిపి తొట్టెల్లో నిల్వ చేస్తే వాటిలోని రేడియోధార్మిక లోహాల్లో సీసియం పై నీళ్లలో కరిగే ఉంటుంది, స్ట్రాన్షియం అడుగు బురదలోకి దిగుతుంది, ఎప్పుడూ. ఆ ‘ఎప్పుడూ’ కింద రెండు గీతలు. గీతలు కొట్టడంలో నన్ను మించినవాళ్లు లేరు.

ఒక ఆదివారం పొద్దున చిక్కడపల్లిలో మా ఓనరమ్మ బకెట్లు కడుగుతోంది. బోరు నీళ్లకు వాటి నిండా తెల్లటి పొర కట్టేస్తుంది.

“జర నిమ్మ ఉప్పు ఏసి నానబెడితే ఎట్ల ఊడుతదో చూడు,” అంది నాతో.

నిమ్మ ఉప్పంటే సిట్రిక్ యాసిడ్. బకెట్లో పని చేసేది ముఖ్యంగా దాని పులుపు. క్షారం కలిపిన తొట్టెల్లో పులుపు ఉండదు. కానీ ఆ పేరు వినగానే నా పదకొండో పేజీ గుర్తొచ్చింది. లోహాలను విడదీసే పనిలో వాడిన సిట్రేట్లు, అంటే ఈ యాసిడ్ లవణాలు, అంతకంటే గట్టి పట్టున్న రసాయనాలు కొన్ని పాత తొట్టెల్లోకి చేరాయి కదా! అవి క్షారంలో కూడా స్ట్రాన్షియాన్ని చంకనేసుకుని నీళ్లలోనే తిప్పుతాయి, అడుగుకు దిగనివ్వవు. పై నీళ్లలోంచి సీసియం ఒక్కటీ తీసేసి పని అయిపోయిందనుకుంటే కొంప మునిగినట్టే. ఎంత బాగుంది ఈ కెమిస్ట్రీ! బకెట్ ముందు నిలబడి గట్టిగా నవ్వాను. ఓనరమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

నవ్వు సగంలోనే ఆగిపోయింది. అణు వ్యర్థాలను శుద్ధి చేసే చోట ఉద్యోగానికి నా స్టూడెంట్ ఒకమ్మాయికి మర్నాడే ఇంటర్వ్యూ. మధ్యాహ్నం కాచిగూడలో రైలెక్కాలి. వయసు దాటిపోతోంది, ఆమెకిదే ఆఖరి అవకాశం. ఆమె చదువుతున్నది నా నోట్స్.

ఫోన్ చేస్తే స్విచాఫ్. చదివేటప్పుడు ఫోన్ ఆపేయమని సలహా ఇచ్చిందీ నేనే. దొరికిన ఆటో ఎక్కి అశోక్ నగర్‌లో ఆమె హాస్టల్ దగ్గర దిగాను. ఎదురుగా టీ బండి దగ్గర కూర్చుని చదువుకుంటోంది.

“ఏంది మేడం, గిట్ల ఉరికొచ్చిన్రు?”

పదకొండో పేజీ తీయించి, రొప్పుతూనే నిమ్మ ఉప్పు సంగతంతా చెప్పాను. ‘ఎప్పుడూ’ అని రాయడం తప్పని, ఆ తప్పు నాదేనని కూడా చెప్పాను.

ఆమె పేజీ నా వైపు తిప్పింది. అంచున పెన్సిల్‌తో చిన్న అక్షరాలు, వాటి మీద అడ్డంగా కొట్టివేత. అయినా చదవగలిగాను: ‘సిట్రేట్లు ఉంటే స్ట్రాన్షియం దిగదు కదా?’

“లైబ్రరీ బుక్కుల చూసిన మేడం. మీరు రెండు గీతలు కొట్టిన్రు గదా, నాదే తప్పనుకొని కొట్టేసిన.”

“నన్నడగొచ్చు కదమ్మా!”

“అడిగిన మేడం. ముందు నోట్స్ చదువు అన్నరు.”

సిగ్గుతో తలెత్తలేకపోయాను. అవును, డౌటు అడిగిన ప్రతివాళ్లనూ నేను కూర్చోబెట్టేది ఆ మాటతోనే.

మర్నాడు సాయంత్రం నారాయణగూడలో కూరగాయలు కొంటుంటే ఫోన్ మోగింది.

“అడిగిన్రు మేడం! గదే అడిగిన్రు! నేను రాసుకున్నదే చెప్పిన!”

చేతిలో సంచి వదిలేసి ఎగిరాను. టమాటాలు రోడ్డు మీద దొర్లాయి.

ఫలితం ఇంకా రాలేదు. ఆమె ఇంటర్వ్యూ నుంచి తిరిగి రాగానే జిరాక్స్ షాపుకు తీసుకెళ్లి మాస్టర్ కాపీ చేతికిచ్చాను. నా ‘ఎప్పుడూ’ను నేనే కొట్టేశాను. పక్కన ఆమె తన ప్రశ్నను ఇంకుతో రాసింది. ఇప్పుడు ప్రతి కాపీలోనూ ఆ రెండూ వస్తున్నాయి.