ప్లేట్లకు కప్పిన పట్టాలు

నవ్వితే నవ్వండి గానీ, ముందు ఆ టీ తాగండి. మొన్న వానకి ఊరంతా మిరపకాయల మీద పట్టాలు కప్పుకుంటే, కప్పిన పట్టాలు తీసేసిన మనిషిని నేను!

మా చేల మధ్య సోలార్ మోటార్ ఉంది కదా, అది ఏ కాంట్రాక్టరుదో కాదు, మాదే. కరెంటు ఎప్పుడొస్తుందో తెలీక, కళ్ళ ముందే చేలు వాడిపోతుంటే చూడలేక రైతులమంతా సంఘం పెట్టుకున్నాం. ఉన్నవాళ్ళు డబ్బేశారు, లేనివాళ్ళం కష్టం వేశాం. ఆ సోలార్ ప్లేట్లు నిలబెట్టిన స్తంభాల గుంతలు నేనూ మా ఆయనా తవ్వినవే. నీళ్ళకీ వంతే, ప్లేట్ల కాపలాకీ వంతే.

మొన్న కాపలా వంతు మాది. పక్కనే మా కళ్లం, ఏడాది కష్టమంతా అక్కడే ఆరబోసి ఉంది. మా ఆయన పిడుగురాళ్ల వెళ్ళాడు. అలా వెళ్ళాడో లేదో, నల్లటి మబ్బు! గాలి! పరుగున కాయలు కుప్పచేసి టార్పాలిన్ పట్టాలు కప్పా. అంతలో పక్క చేలోంచి ఎవరో "వడగళ్ళు పడతాయేమో!" అని అరిచారు. అద్దాలు! ఊరందరి అద్దాలు! కాయలు పోతే మా ఒక్క ఇంటికే నష్టం, ప్లేట్లు పగిలితే అందరి చేలూ ఎండిపోతాయి. అదీ మా వంతులో! ఇంక ఆలోచించలేదు. కాయల మీది పట్టాలు లాగి, ప్లేట్ల మీద పరిచి, తాళ్ళతో బిగించేశా.

వడగల్లు ఒక్కటి పడితే ఒట్టు. వాన మాత్రం దంచింది.

మా ఆయన తడుస్తూ బండి దిగాడు. "పట్టాలేవే?"

వేలు చూపించా. ఆయన తిట్టలేదండీ. కాయల దగ్గర గొంతుక్కూచుని, ఒక కాయ పిండి చూశాడు. తిట్టినా బాగుండేది. నాకు ఏడుపు ఆగలేదు.

సంఘం ప్రెసిడెంటు మస్తాన్ గొడుగేసుకుని వచ్చాడు. "ఏంటక్కా, ప్లేట్లకి జలుబు చేస్తుందనా?" అన్నాడు. కాయలు చూసి నవ్వు ఆపేశాడు. "అవి వానలో ఉండటానికే చేసినవక్కా. దుమ్ము కూడా కడుక్కుపోతుంది. వడగళ్ళకి కూడా అంత తేలిగ్గా పగలవు."

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా!"

"ఎవరైనా పట్టాలు కప్పుతారని నేను కలగన్నానా?"

తెల్లారేసరికి సంఘమంతా మా కళ్లంలో ఉంది. ఎవరి పట్టాలు వాళ్ళు తెచ్చి మా కాయలు పల్చగా పరిచారు. కొందరు తిరగేశారు, కొందరు చితికినవి ఏరారు. సగం దక్కాయి. మిగతావి రంగు పోయి తాలుకాయలయ్యాయి. కానీ వాళ్ళే రాకపోతే ఆ సగం కూడా ఉండేది కాదు.

ఆదివారం మీటింగులో మస్తాన్ లేచాడు. "అక్క తన పంట తడుపుకుని మన ప్లేట్లు దాచింది. ఇంత ప్రేమ మన సంఘానికి తట్టుకోవడం కష్టం. ఇకమీదట మబ్బు పడితే అక్క ప్లేట్ల దగ్గరికి రాకూడదని తీర్మానం. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి!"

అందరూ ఎత్తారు. మా దాంట్లో ఎకరం రైతైనా పదెకరాల రైతైనా ఇంటికి ఒక్కటే ఓటు. మా ఆయన చెయ్యి అప్పటికే సగం లేచింది. పట్టుకుని కిందికి దించేసి, నా చెయ్యెత్తి మా ఇంటి ఓటు నేనే వేశా!