చలి పడితేనే చామంతికి రంగు

మా పక్కింటి అత్త పోయింది. "మన పూలత్తను ప్రభువు పిలుచుకున్నాడు" అని చర్చి మైకులో పాస్టరుగారు చెప్పేసరికి, నేను వాకిట్లో ఆవిడ ఇచ్చిన చామంతికే నీళ్ళు పోస్తున్నాను. క్రిస్మస్ వారం రోజుల్లోకి వచ్చింది. పండగ ముందర పెట్టుకొని ఎట్లా వెళ్ళిపోయావే అత్తా అని ఏడుపుతోపాటు కోపమూ వచ్చింది.

మార్కాపురం శివారులో మా వీధిది గడ్డపార వేస్తే పలకరాయి తగిలే నేల. అత్త కూలికి పోయి వచ్చి, సాయంత్రాలు ఆ రాళ్ళు ఏరి, వాటినే మళ్ళకు గట్లుగా పేర్చింది. దసరాకు బంతి విరగబూసేది. కార్తీకంలో చామంతి మొగ్గ కట్టేది. డిసెంబరుకు పెరడంతా పసుపు. పొద్దున్నే తలకు తువ్వాలు చుట్టుకొని, టీ గ్లాసుతో పూల మధ్య పీట వేసుకొని కూర్చునేది. మంచు ఆరందే ఎవరినీ పువ్వు ముట్టనిచ్చేది కాదు.

"వణుకుతా ఈడేం పని? లోపలికి పోరాదా అత్తా" అంటే, "చలి పడితేనే పాపా చామంతికి రంగొచ్చేది. నాగ్గూడా అంతే" అని నవ్వేది.

మేకలతో మాత్రం ఆజన్మ వైరం. "నా చెట్టు మీద నోరేసిందా, పండక్కి దాన్నే వండుతా!" అని వీధి అదిరేలా అరిచేది.

ఒక వేసవిలో బోరు ఎండిపోయింది. ట్యాంకరు నీళ్ళు తాగడానికే చాలవు. ఏటా క్రిస్మస్‌కు చర్చిలో పెట్టేవి అత్త చామంతులే. ఈసారి చర్చికి ప్లాస్టిక్ పూలు తెద్దామన్నారు కుర్రాళ్ళు.

"ప్లాస్టిక్కుకు చలి తెలుస్తాదా, మంచు తెలుస్తాదా? నేను బతికుండంగా నా దేవుని ముందర పెట్టనియ్యను" అన్నది అత్త.

మరునాడే పిలకలన్నీ తవ్వి, పగిలిన కుండల్లో, పెయింటు డబ్బాల్లో నాటి ఇంటింటికీ పంచింది. "బియ్యం కడిగిన నీళ్ళు చాలు. చంపినారంటే మీ గడప తొక్కను" అని బెదిరించింది. ఆవిడ అలిగితే మేం తట్టుకోగలమా? ఎండాకాలమంతా ఆ డబ్బాలను నీడకు జరుపుకుంటూ పసిబిడ్డల్లా సాకాము. వానలు పడగానే పిలకలు మళ్ళీ అత్త పెరట్లోకి చేరాయి. ఆ క్రిస్మస్‌కు చర్చి నిండా చామంతులే. అత్త ప్రార్థనలో కూడా ఒక కన్ను తెరిచి వాటినే చూసుకుంది.

తలా ఒక పిలక మాత్రం మేము తిరిగివ్వలేదు. ఆవిడా అడగలేదు. "పువ్విస్తే సాయంత్రానికి వాడతాది. పిలకిస్తే మళ్ళీ యాడాది మీ ఇంటికొస్తాది" అన్నది.

ఈ ఏడు కాళ్ళు రాక మంచం పట్టింది. పెరడు బీడుపడింది. "నా పెట్టె మీద కొన్న దండేస్తే లేచొచ్చి తిడతా" అని నాతో నవ్వుతూనే అన్నది, కానీ కళ్ళు పెరటివైపే ఉన్నాయి. మైకులో కబురు విన్నాక ఆ మాటే నన్ను పీకింది. నా ఒక్క కుండీలో పూలు ఏ మూలకు?

ఏడ్చుకుంటూ, చెట్టుకు ఒక్క పువ్వు మాత్రం ఉంచి, ఆ కాసిని కోసుకొని అత్త ఇంటికి వెళ్ళాను. వెనకే ఎదురింటావిడ చేటతో వచ్చింది. ఆ వెనక ఒకరు బేసినుతో, ఇంకొకరు కొంగులో పోసుకొని. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అన్నీ అత్త పిలకల పూలే! పెట్టె కనిపించకుండా కప్పినా ఇంకా వస్తూనే ఉన్నాయి. ఇళ్ళల్లో చెట్లకు మిగిలినవి పండగకు చర్చిలో పెట్టాం.

సమాధుల తోటలో ఆవిడ తలాపున నా కుండీలో చెట్టును వేళ్ళతో సహా నాటి, చుట్టూ ముళ్ళకంప వేశాను. మర్నాడు పొద్దున వెళ్ళి చూస్తే, మంచులో మేక ఒకటి ముందరి కాళ్ళు ఎత్తి, కంప మీదుగా మెడ సాచి నిలబడి ఉంది. పువ్వు మాత్రం అందడం లేదు.