అక్క క్వశ్చన్ పేపరూ, మూడు లైనక్సులూ

మా అక్క నాచారంలో మా ఇంటి ముందుగదిలో పదో తరగతి పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతుంది. తెలుగు మీడియం పిల్లలు. తండ్రులు ఎక్కువమంది ఇక్కడి ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసేవాళ్ళు. వెనక వీధిలో కొత్తగా తెరిచిన కోచింగ్ సెంటర్ ఆదివారం ఆదివారం ప్రింటు చేసిన పేపరుతో పరీక్ష పెడుతోందన్న సంగతి వాళ్ళ చెవిన పడింది. "మీరు గూడ పెడితే మంచిగుంటది టీచర్" అని ఇద్దరు మర్యాదగా అన్నారు. పెట్టకపోతే వచ్చే నెల నుంచి పిల్లలు రారని ఆ మర్యాదకు అర్థం. ఈ ఆదివారమే పెడతానని అక్క మాటిచ్చేసింది.

మాటిచ్చినంత తేలిక కాదు లాప్‌టాప్ తెరవడం. ఆన్ చేసి, వెళ్ళి కూరకు తాలింపు పెట్టి వచ్చినా స్క్రీన్ మీద చుక్కలు ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి. కొత్త విండోస్ తనకు ఎక్కదని ఆ మెషీనే ఒప్పుకుంది. విండోస్ తీసేసి, పాత మెషీన్ల మీద కూడా తేలిగ్గా నడిచే లైనక్స్ వేద్దామన్నాను. ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. అదేంటో తెలిస్తే కదా చెప్పడానికి.

లైనక్సుల్లో బోలెడు రకాలు. ఏది వేయాలని ఆఫీసు గ్రూపులో అడిగాను. ఉప్పల్ రింగురోడ్డులో నిలబడి వరంగల్ బస్సు ఎక్కడ ఆగుతుందని అడిగినట్టయింది. నలుగురు నాలుగు మెట్రో పిల్లర్లు చూపించారు, ఐదోవాడు అసలు వరంగల్ ఎందుకన్నాడు. ఉబుంటు అన్నవాడి మీద మింట్ అన్నవాడు జాలిపడ్డాడు. ఫెడోరా అన్నవాడు ఇద్దరినీ లెక్కలోకే తీసుకోలేదు. సాయంత్రానికి అందరూ అలిగారు. నాకు మాత్రం జవాబు దొరకలేదు.

శనివారం పొద్దున ఏఎస్ రావు నగర్ నుంచి నా దోస్తు మూడు పెన్‌డ్రైవులతో దిగాడు. ఒక్కోదాంట్లో ఒక్కో లైనక్స్. లాప్‌టాప్‌లో ఏదీ చెరపకుండా పెన్‌డ్రైవు మీదనే నడిపి చూడొచ్చు. నచ్చితేనే ఎక్కించుకోవడం.

"ఒక్కోదానికి ఒక్కో ఫిలాసఫీ ఉంటదక్కా," అన్నాడు కుర్చీ లాక్కుంటూ.

"పేపర్ ప్రింటొస్తదా తమ్మీ?"

"అది గూడ ఉంటది."

మొదట వాడికి ప్రాణమైనది పెట్టాడు. అందంగా వచ్చింది. అక్క తన పాత పేపర్ల ఫోల్డర్ తెరిచి ఒకటి నొక్కింది. డిగ్రీ అయినప్పటి నుంచి తను టైపు చేసుకున్న లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి. తెరుచుకుంది, కానీ ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లీషు ముక్కలు, తోకలున్న గుర్తులు, మధ్యమధ్య కోణాల పక్కన పెట్టే డిగ్రీ సున్నాలు.

"ఇదేంది?"

"ఇది నీకు సెట్ కాదులే అక్కా. ఇంకోటి చూద్దాం."

రెండోది పెట్టాడు. అవే తోకలు. మూడోదీ అంతే.

"మూడు ఫిలాసఫీలంటివి. మూడిట్ల ఒక్కటే కనబడ్తుంది గదా," అంది అక్క. గొంతు పెంచలేదు. తెల్లకాగితం తీసి మొదటి లెక్క చేత్తో రాయడం మొదలుపెట్టింది. అది చూశాక మా ఇద్దరికీ ఫిలాసఫీ తగ్గి బుర్ర పనిచేసింది.

"మామా, ఫాంటు లేదురా," అన్నాను దోస్తుతో.

అక్క వాడేది పాతకాలపు తెలుగు ఫాంటు. లోపల ఇంగ్లీషు అక్షరాలే ఉంటాయి, పైన తెలుగు వేషం. వేషం ఊరెళ్తే అసలు మొహం బయటపడుతుంది. ఆ వేషం విండోస్ ఫోల్డర్‌లో ఉంది, అదృష్టం కొద్దీ మేమింకా విండోస్‌ను చెరపలేదు. ఆ ఫైలును ఇటు కాపీ చేశాం. పేపరు మళ్ళీ తెరిస్తే "క్రింది త్రిభుజము యొక్క" అని చక్కగా కనిపించింది. త్రిభుజాన్ని చూసి అంత సంతోషపడటం నాకు అదే మొదటిసారి.

మిగిలింది ప్రింటర్. అప్పుడు నడుస్తున్నది మూడోది. నొక్కగానే కాగితం బయటికొచ్చింది. మా దోస్తు మొహం వాడిపోయింది.

"అక్కా, ఇది కంప్యూటర్ రాని పెద్దమనుషులు వాడేదంటరు. జర నాది గూడ చూడు."

చూసింది. అక్కడా తెలుగు కుదిరింది గానీ, ప్రింటర్ మాత్రం తనను నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ వెతికి వేయమంది.

"ఎంతసేపు?"

"ఒక గంట. మహా అయితే రెండు."

"నాకు పొద్దుగాల పరీక్షుంది తమ్మీ. ఆ పెద్దమనుషులదే ఎక్కియ్యి."

మా గ్రూపు ఇప్పటికీ తేల్చుకోలేని సంగతి అలా తేలిపోయింది. అక్క ఫోల్డరూ ఫాంటూ ఒక పెన్‌డ్రైవులో దాచి, వాడు ఎక్కించాడు. ఎక్కిస్తున్నంతసేపూ దాని లోపాలు చెబుతూనే ఉన్నాడు. అక్క "ఊ" కొడుతూ ప్రింటొచ్చిన కాగితం మీద పెన్నుతో ఆఖరి రెండు లెక్కలు మార్చింది.

ఆదివారం అందరూ వచ్చారు, రాశారు, చాలా కష్టంగా ఉందన్నారు. కూతుర్ని తీసుకెళ్ళడానికి వచ్చిన ఒక తండ్రి పేపరు తీసుకుని ముందూ వెనకా తిప్పి చూశాడు.

"రెండు దిక్కుల ప్రింటుందా టీచర్?"

"ఔ."

"ఆ కోచింగోళ్ళది ఒక్క దిక్కే ఉంటదంట. వచ్చే వారం గూడ పెడ్తరా?"

"పెడ్త."

ఆయన తృప్తిగా తలూపాడు. ఇదంతా దేని మీద నడిచిందని అడిగితే చెబుదామని నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. ఆయన నా వైపు తిరిగి, గేటుకు అడ్డంగా ఉన్న బండి జర పక్కకు తీయమన్నాడు.