గిన్నెలో మిగిలిన సూప్

పొద్దున ఏడింటికే రామెన్ నూడుల్స్ తినడం జపాన్‌లోని కితకత ఊళ్లో వింతేం కాదు. తొకుజికి మాత్రం అది స్నానసంధ్యలతో సమానం. పాత గిడ్డంగుల మట్టిగోడలకు సున్నం పూసే మేస్త్రీ ఆయన. పని మానేసినా వేకువనే లేచే అలవాటు మానలేదు, ఇసావ్ రామెన్ కొట్టుకు వెళ్లడమూ మానలేదు. తలుపు దగ్గరి స్టూలు ఎక్కి, వీధిలోకి వినపడేలా నూడుల్స్ జుర్రి, ఆఖరున గిన్నె రెండు చేతులా ఎత్తి సూప్ చుక్క మిగలకుండా తాగి, ఖాళీ గిన్నెను ఎదుటి చెక్క పలక మీద టక్కున పెట్టేవాడు. ఆ చప్పుడు వింటేనే ఇసావ్‌కు ఆ పూట వంట కుదిరినట్టు.

తొకుజికి ఇంకో గొప్ప కూడా ఉంది. పుట్టి బుద్ధెరిగాక డాక్టరు గడప తొక్కలేదని పిలిచి మరీ చెప్పుకునేవాడు. అడగనివాళ్లకు ఇంకాస్త ఎక్కువ చెప్పేవాడు.

ఈ శరదృతువులో ఇసావ్ మోకాళ్లు మొరాయించాయి. గరిటె కూతురు మిసుజు చేతికిచ్చి, తను మూల కుర్చీలో కూర్చున్నాడు. ఇవ్వడమైతే ఇచ్చాడు గానీ అందరి ముందూ మెలిక పెట్టాడు.

"మా తొకుజి నాలుకే నాకు తూకం. వీడు సూప్ వదిలేశాడంటే నీ చేతిలో రుచి లేనట్టే. గుమ్మానికి కట్టిన తెర విప్పేసి కొట్టు మూసేస్తా."

"తొకుజి బాబాయి సంగతి నాకొదిలెయ్ నాన్నా," అంది మిసుజు నవ్వుతూ.

సరిగ్గా ఆ వారమే తొకుజి భార్య కినుయో ఆయన్ను చెవి పట్టుకున్నంత పనిచేసి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. బీపీ ఆకాశంలో ఉంది. నూడుల్స్ తినొచ్చు, ఉప్పెక్కువుండే సూప్ మాత్రం ముట్టుకోకూడదన్నాడు డాక్టరు.

"ఒక్క గుక్క తాగారా, రేపట్నించి మూడు పూటలా గంజే," అంది కినుయో. అన్నమాట మీద నిలబడే మనిషి.

మిసుజు గరిటె పట్టిన మొదటి రోజు తొకుజి నూడుల్స్ తిని, సూప్ కేసి ఒకసారి ఆశగా చూసి, గిన్నె సూప్‌తోనే దించేశాడు. కొట్టులో అందరి కళ్లూ ఆ గిన్నె మీదే పడ్డాయి.

"ఏం బాబాయ్, బాలేదా?" అంది మిసుజు.

"బాగుందమ్మా. కడుపు నిండిపోయింది."

తొకుజికి కడుపు నిండటం ఆ ఊరెరగదు. బీపీ అని ఒక్క ముక్క అంటే పోయేదానికి, గొప్పలు అడ్డొచ్చి, తేలు కుట్టిన దొంగలా జారుకున్నాడు.

మర్నాడు మిసుజు ఎండుచేపలు మరికాస్త వేసింది. ఆ మర్నాడు సోయా సాస్ పెంచింది. రోజూ ఆయన వదిలేస్తూనే ఉన్నాడు, రోజూ ఆమె మారుస్తూనే ఉంది. పిల్ల కళ్లు ఎర్రబడ్డాయి. చివరికి ఇసావ్ మూల నుంచి, "ఇంక చాల్లేవే తల్లీ. రేపటితో తెర విప్పేద్దాం," అన్నాడు.

తొకుజి గబగబా లేచాడు. ఇంటికెళ్లి భార్యకు జరిగిందంతా చెప్పేశాడు.

"మీ బడాయి పాడుగానూ! దానికోసం ఆడపిల్ల నోటి దగ్గర కూడు లాగేస్తారా?" అని కినుయో శివమెత్తింది. "రేపు పదండి, నేనూ వస్తాను."

పంది ఎముకలు ఉడికిన నీళ్లకు ఇంత మోజేమిటని ఆ కొట్టును వెక్కిరించడమే తప్ప, ఆవిడ ఎన్నడూ అందులో అడుగుపెట్టలేదు.

ఎటూ మూసేదే కదా అని మిసుజు ఆ పొద్దున మొదటి రోజు చేసినట్టే, తనకు నచ్చినట్టే వండింది. తొకుజి నూడుల్స్ తిన్నాడు. గిన్నె దించి లేచి నిలబడ్డాడు. చెవులు కందిపోయాయి.

"నాకు బీపీరా! డాక్టరు సూప్ వద్దన్నాడు. పిల్ల వంటకేం, అమృతం!"

కొట్టంతా గొల్లున నవ్వింది. ఇసావ్ మాత్రం నవ్వలేదు.

"నువ్వు? డాక్టరు దగ్గరికా? దాని మొహం చూసి జాలిపడి కోతలు కోస్తున్నావులే."

ఒట్టు పెట్టినా నమ్మలేదు. ఇన్నేళ్ల గొప్పలు మెడకు చుట్టుకుంటాయని తొకుజి ఏనాడూ అనుకోలేదు.

"ఇటివ్వండి," అంటూ కినుయో భర్త ముందున్న గిన్నె లాక్కుంది. "నా బీపీ బంగారంలా ఉంది."

ఒక గుక్క తాగి ఆగింది. తర్వాత ఆవిడ ఆగలేదు. గిన్నె ఎత్తిన చేతులు అడుగు కనపడ్డాకే దిగాయి. ఖాళీ గిన్నెను పలక మీద టక్కున పెట్టి, భర్త కేసి ఉరిమి చూసింది.

"ఇన్నేళ్లు ఒక్కరే తిన్నారా దీన్ని? సిగ్గులేదూ?"

ఇసావ్ కుర్చీలోంచి మెల్లగా లేచాడు. తెర కేసి నడిచాడు. మిసుజు మొహం పాలిపోయింది. ఆయన తెర పక్కకు తప్పించి బయటికి అడుగేశాడు.

"ఎక్కడికి నాన్నా?"

"వేన్నీళ్ల స్నానానికి. మధ్యాహ్నందాకా రాను. నీ కొట్టు నువ్వు చూసుకో."

మిసుజు కుండ మీదికి వంగి వెక్కి వెక్కి ఏడ్చింది. తొకుజి కళ్లూ తడిశాయి, దాచుకోలేదు. కినుయో మాత్రం కంగారుగా లేచింది.

"అమ్మాయ్, కాస్త పక్కకెళ్లి ఏడువు. అసలే మా ఆయనకి ఉప్పు పడదు!"