పాచికల నవలను కొట్టిపారేయబోయి

ఈ సాయంత్రం తిరుపతిలో మా పాఠకుల సమావేశంలో గొడవైంది. స్నేహితులు బల్ల చుట్టూ చేరి, పాచికలేస్తూ వీరులుగా, మాంత్రికులుగా ఆడుకునే హాస్య నవల గురించి. దాన్ని చర్చకు పెట్టింది శ్రీ సిటీ ఫ్యాక్టరీలో పనిచేసే రమణమ్మ.

“ఇదంతా పలాయనవాదం, మన పుస్తకాల జాబితాలోంచి తీసేయండి” అని నేను బల్ల గుద్దాను.

“ఎన్ని పేజీలు సదివినావన్నా?” అంది రమణమ్మ.

“అట్ట వెనకుండేది సదివినాలే.”

“నేను కంపెనీ బస్సులో రెండుసార్లు సదివినా. పడీపడీ నవ్వినా. దీంట్లో ఎంత లేనోడికైనా పాచికలేసే వంతు వస్తాది. మా ఊర్లో మా నాయనకు ఆ వంతే రాలేదన్నా.”

చదవకుండానే పుస్తకాలను నిషేధించేవాళ్లను తిడుతూ ఎన్ని వ్యాసాలు రాశానో నాకే గుర్తులేదు! నవల అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. నలభై పేజీలయ్యాయి, రెండుచోట్ల నవ్వాను. కోపం మాత్రం తగ్గలేదు. ఎవరి మీదో మీరే చెప్పండి.