పెద్దమ్మకు నేను నాలుకనైన వేసవి

నా చిన్నప్పుడు సెలవులు ఇచ్చిన మర్నాడే మా అమ్మ నన్ను మండపేట బస్సు ఎక్కించేది. అక్కడ మా పెద్దమ్మ ఉండేది. పెదనాన్న పోయాక ఆవిడ ఒక రైసుమిల్లు గేటు పక్కన టీ కొట్టు పెట్టుకుంది. తాటాకు పందిరి, రెండు బల్లలు, ఒక ఊక పొయ్యి, పందిరి వెనకాల ఆవిడే పెంచుకున్న నిమ్మగడ్డి దుబ్బులు, తులసి, వామాకు. ఆ కొట్టంతా అంతే.

కానీ అక్కడ దొరికేవి ఊళ్ళో మరెక్కడా దొరికేవి కావు. పొద్దున్నే లారీ వాళ్ళకి చిక్కటి అల్లం టీ. ఎండెక్కాక పాలు లేకుండా నిమ్మగడ్డి టీ. పెళ్ళిభోజనం తిని పొట్ట పట్టుకొచ్చిన వాళ్ళకి వాము కషాయం. పెద్దవాళ్ళకి శొంఠి కాఫీ. అన్నిటికన్నా ఎక్కువ గిరాకీ మిరియాలు, తులసి, తాటిబెల్లం వేసి కాచే కషాయానిది. మిల్లులో పొద్దస్తమానం తవుడు దుమ్ము పీల్చే హమాలీలకు గొంతులు గరగరలాడేవి. అది తాగాకే వాళ్ళకి మాట పెగిలేది. పెద్దమ్మ ఎవర్నీ ఏం కావాలని అడిగేది కాదు. మనిషి మొహం చూసి, దగ్గు విని, గ్లాసు అందించేది.

నేను ఐదో తరగతి పూర్తిచేసిన ఏడాది వెళ్ళేసరికి ఆవిడ సగమైపోయి ఉంది. అంతకుముందే టైఫాయిడ్ వచ్చి మంచాన పడి లేచింది. తలమీద జుట్టు పలచబడింది. నేను వెళ్ళిన రోజే ఇంట్లో పొయ్యిమీద కూర మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే, ఆవిడ ఆ పొయ్యి పక్కనే కూర్చుని తాపీగా మిరియాలు దంచుకుంటోంది. నేను పరిగెత్తుకెళ్ళి గిన్నె దింపాను. పెద్దమ్మ ఆ గిన్నెలోకి చాలాసేపు చూసింది. తర్వాత నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది.

"జ్వరం తగ్గిన కాణ్ణించి నాకు వాసన తెలియట్లేదమ్మడూ. తీపీ చేదూ కూడా ఏదో మందంగా తెలుస్తున్నాయి. అల్లం నమిలితే మంట తెలుస్తోంది గానీ, అది అల్లమని తెలియట్లేదు."

డాక్టరు గారు తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నారట. నాకు ఏడుపొచ్చింది. ఆవిడకి రాలేదు. "ఏడ్చే టైము లేదు. కొట్టు మూసేస్తే నేనేం చేసుకు బతకాలి? నువ్వున్న రెండు నెలల్లో మళ్ళీ మొదట్నించీ నేర్చుకుంటాను. నువ్వు నాకు నాలుకవ్వాలి. ఈ సంగతి మాత్రం ఎవరికీ చెప్పకు," అంది.

మర్నాడు పొద్దున్నే నా ముందు ఐదు గ్లాసులు పెట్టింది. ఒక్కొక్కటీ తాగి చెప్పమంది. నేను మొదటిది తాగి "బాగుంది" అన్నాను. ఆవిడ గ్లాసు నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టేసింది.

"బాగుంది అనేది రుచి కాదమ్మడూ. ఏది ఎక్కువైంది, ఏది తక్కువైంది, అది చెప్పు. బాగుంది అంటే నాకేం తెలుస్తుంది?"

ఆ రోజునుంచి నాకు బాగుంది అనే మాట నిషేధం. టీపొడి ఎక్కువ మరిగితే దవడల దగ్గర పట్టేసినట్టు వగరుగా ఉంటుందని, తక్కువ మరిగితే పాలు తాగినట్టే ఉంటుందని, నిమ్మగడ్డి మరీ ఉడికితే పచ్చిగడ్డి నమిలినట్టు అయిపోతుందని నేను నేర్చుకున్నాను. నేను చెప్పినదాన్నిబట్టి ఆవిడ తన కళ్ళకీ చెవులకీ నేర్పుకునేది. డికాషన్ రంగును గాజు గ్లాసులో పోసి ఎండలో పట్టి చూసేది. పాలు పొంగడానికి ముందు గిన్నె చేసే సన్నటి చప్పుడు చెవి ఒగ్గి వినేది. మిరియాలను వేళ్ళ మధ్య నలిపి ఎంత మెత్తగా దంచాలో గుర్తుపెట్టుకునేది. కుదరకపోతే మళ్ళీ కాచేది. ఆ మొదటి పది రోజుల్లో ఆవిడ ఎన్నిసార్లు పారబోసి మళ్ళీ పొయ్యిమీద పెట్టిందో నాకు లెక్కే తెలియదు. ఒక్కసారి కూడా "ఇంక నావల్ల కాదు" అనగా నేను వినలేదు.

అంతా దారిలో పడుతోందనుకున్నాం. అప్పుడే మిల్లు చుట్టూ ప్రహరీ కట్టడం మొదలుపెట్టారు. గోడ లేస్తే పెద్దమ్మ పందిరి తీసెయ్యాలి. గేటు లోపల ఒక గది టీ కొట్టుకి ఇస్తామన్నారు మిల్లు ఓనరు గారు. ఆ గది కోసం బస్టాండు దగ్గర హోటలు నడిపే ఒకాయన కూడా అడుగుతున్నాడు. ఒకరోజు ఓనరు గారు "రేపు పొద్దున్న నీ టీ తాగి చెప్తానమ్మా" అన్నారు.

ఆ పొద్దున్న పెద్దమ్మ ఉతికిన చీర కట్టుకుని, గ్లాసులు రెండుసార్లు తోమించి, పాలు పొయ్యిమీద పెట్టింది. ఇంతలో లోడు ఎక్కించుకున్న లారీ ఒకటి వచ్చి ఆగింది. డ్రైవరు, క్లీనరు, నలుగురు హమాలీలు ఒక్కసారిగా బల్లల మీద కూర్చున్నారు. వాళ్ళకి కషాయం పోసే హడావిడిలో పాలను గరిటెతో తిప్పడం ఆలస్యమైంది. పైకి తెల్లగా, నురగగా బాగానే కనిపించాయి. టీ కలిపి నా గ్లాసులో ఒక గుక్కెడు పోసింది. అప్పటికే ఓనరు గారు గేటు దగ్గర కనిపిస్తున్నారు.

నోట్లో పోసుకోగానే తెలిసిపోయింది. పాలు అడుగంటాయి. అల్లాన్ని, ఏలక్కాయని, అన్నిటినీ మింగేసి మాడు వాసన ఒక్కటే మిగిలింది. మళ్ళీ కాచాలంటే ఓనరు గారు ఆగే మనిషి కాదు. నేను పెద్దమ్మ మొహం చూశాను. చిక్కిపోయిన ఆ మొహంలో ఎప్పుడూ లేనంత ఆశ. ఎలా ఉంది అని కళ్ళతోనే అడిగింది.

"బాగుంది పెద్దమ్మా," అన్నాను.

అనకూడని మాట అన్నానని ఆ తొందరలో ఆవిడ గమనించలేదు. ఓనరు గారికి తనే గ్లాసు తీసుకెళ్ళి ఇచ్చింది. ఆయన ఒక గుక్క తాగారు. ఆగారు. మరో గుక్క తాగబోయి, గ్లాసును బల్లమీద పెట్టి, "పనుందమ్మా, వస్తాను" అని వెళ్ళిపోయారు. టీ తీసుకున్న డ్రైవరు కూడా ఏమీ అనకుండా, కళ్ళు దించుకుని మొత్తం తాగేశాడు. అది చూసి నాకు ఇంకా భయమేసింది.

పెద్దమ్మ ఆ నిండు గ్లాసు వైపు చూసింది. తర్వాత పాలగిన్నె వంచి, గరిటెతో అడుగు గీకింది. గరిటెకు నల్లటి పెచ్చులు వచ్చాయి. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. నాకు తెలుసని, జాలేసి అబద్ధం చెప్పానని అంతా కక్కేశాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ తిట్టలేదు. కొంగుతో నా ముక్కు తుడిచి, ఆ గ్లాసు చేతిలోకి తీసుకుని, "పద," అంది.

నన్ను చెయ్యి పట్టుకుని మిల్లు లోపలికి తీసుకెళ్ళింది. సిమెంటు గచ్చు మీద ధాన్యం ఆరబోసి ఉంది. దాని అంచునే నడిచాం. తొమ్మిదింటికే గచ్చు కాలిపోతోంది. ఓనరు గారు హమాలీల మధ్య నిలబడి ఏదో పురమాయిస్తున్నారు. అంతమంది ముందూ చెప్తుందని నేను అనుకోలేదు.

"బాబుగారండీ, ఈ టీ మాడిందండి. నాకు తెలియలేదు. జ్వరం వచ్చి వాసన పోయిందండి నాకు. ఇన్నాళ్ళూ ఈ పిల్ల రుచి చూసి చెప్తుంటే కాస్తున్నాను. ఇవాళ ఇది నన్ను చూసి జాలిపడింది. జాలిపడేలా నేను కనబడ్డాను, తప్పు నాదండి. దాచిపెట్టడం ఇంకా పెద్ద తప్పు."

ఓనరు గారు ఆశ్చర్యంగా చూసి, "వాసనే తెలియకుండా టీ కొట్టెలా నడుపుతావమ్మా?" అన్నారు.

"నడుపుతానండి. వారం రోజులు చూడండి. అప్పటికీ కుదరకపోతే ఆ గది వేరేవాళ్ళకే ఇచ్చెయ్యండి. పందిరి నేనే విప్పుకుంటాను."

తిరిగి వస్తుంటే నేను తలెత్తలేకపోయాను. పందిరి కిందకి వచ్చాక నాతో ఒక్క మాటే అంది. "నువ్వు నామీద ప్రేమతోనే చెప్పావు. కానీ ఆ ప్రేమ నాకు అక్కరకు రాలేదు చూశావా? నిజం చెప్పుంటే ఆయన వెనక్కి వెళ్ళేవారు, రేపు మళ్ళీ వచ్చేవారు."

మర్నాటినుంచి కొట్టు తీరే మారిపోయింది. గ్లాసు అందుకున్న ప్రతివాళ్ళనీ ఆవిడ ఆపి అడిగేది. మొదటిరోజు అందరికీ మొహమాటం. మిల్లులో అందరికన్నా పెద్దవాడైన హమాలీ తాత ఒకడు కషాయం తాగి, "బాగుందమ్మా, శానా బాగుంది," అన్నాడు.

"బాగుంది వద్దు తాతా. ఎక్కువా తక్కువా చెప్పు."

ఆయన కాసేపు నసిగాడు. గ్లాసులోకి చూశాడు. "మరి... మిరియం ఓ రవ్వ తగ్గిందమ్మా. ఇదివరకు గొంతులో దిగేటప్పుడు సుర్రుమనేది," అన్నాడు.

పెద్దమ్మ అక్కడికక్కడే మిరియాలు దంచి, ఆయన కళ్ళముందే మరో గ్లాసు కాచింది. ఆయన తాగి తల ఊపాడు. అది చూసి మిగతావాళ్ళకి నోళ్ళు లేచాయి. ఒకడు బెల్లం ఎక్కువంటాడు, ఒకడు తులసి చాల్లేదంటాడు. ఆవిడ అన్నీ వినేది. వారం తిరక్కుండానే ఎవరికి ఏది ఎంత కావాలో, మనిషి మనిషికీ విడివిడిగా ఆవిడకు తెలిసిపోయింది. పాలగిన్నె విషయంలో మాత్రం ఎవర్నీ నమ్మలేదు. పాలు దింపేదాకా గరిటె తిప్పుతూ అక్కడే నిలబడేది. లారీ వచ్చినా, లాటు సాహెబొచ్చినా కదిలేది కాదు.

ఎనిమిదో రోజు ఓనరు గారు వచ్చారు. ఆయన్నీ అడిగింది. "ఏలక్కాయ కొంచెం తగ్గించమ్మా," అన్నారాయన, సిగ్గుపడుతూ. రెండో గ్లాసు పూర్తిగా తాగారు. వెళ్తూ వెళ్తూ గది తాళంచెవి బల్లమీద పెట్టి వెళ్ళారు. పెద్దమ్మ ఆ తాళంచెవి చేతిలోకి తీసుకున్నాక, ఆ వేసవిలో మొదటిసారి, పందిరి వెనకాల నిమ్మగడ్డి దగ్గర కూర్చుని తనివితీరా ఏడ్చింది.

ఆవిడకి వాసన పూర్తిగా ఎప్పటికీ తిరిగి రాలేదు. ఒకటి రెండేళ్ళకు ఏలక్కాయ, తులసి లీలగా తెలుస్తున్నాయని ఉత్తరం రాయించింది. అయినా అడగడం మానలేదు. ఓపిక ఉన్నంతకాలం ఆ గదిలో కొట్టు నడిపింది.

నేను పెద్దయ్యాక కాకినాడలో టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. పిల్లల వ్యాసాల కింద బాగుంది అని రాయడానికి నా చెయ్యి ఎప్పుడూ రాలేదు. ఏ వాక్యం ఎక్కువైందో, ఎక్కడ మాట చాల్లేదో రాసేదాన్ని. అందుకు కొందరు నన్ను కఠినమైన మనిషి అనుకున్నారు. అనుకోనిచ్చాను.

ఒకసారి నా వల్లే ఒక పిల్లకు మార్కులు తప్పు పడ్డాయి. రిజిస్టరు సరిచేసి ఊరుకోవచ్చు, ఎవరికీ తెలిసేది కాదు. స్కూలు వదలగానే ఆటో ఎక్కి వాళ్ళింటికి వెళ్ళాను. ఆ పిల్ల ముందు, తల్లి ముందు, తప్పు నాదని చెప్పాను. ఆ తల్లి కంగారుపడిపోయి, "అయ్యో, దీనికోసం మీరు రావాలాండీ," అంటూ లోపలికెళ్ళి టీ పెట్టుకొచ్చింది. నేను రెండు గుక్కలు తాగేదాకా ఆగి, "ఎలా ఉందండీ టీ?" అని అడిగింది.

"పంచదార ఒక చెంచా ఎక్కువైందమ్మా," అన్నాను.

ఆవిడ బిత్తరపోయి, మరుక్షణం పకపకా నవ్వింది. ఇంకో గ్లాసు పెట్టుకొచ్చింది. దాన్ని నేను అడుగంటా తాగాను.